పేరు చెప్పకుండా నెట్‌లో ఉండటం గురించి నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

గోదారి పాయలు వశిష్ఠకీ వైనతేయకీ మధ్యలో ఉన్న ఒక ఊళ్ళో 2003 నుంచి 2017 దాకా నెట్ సెంటర్ నడిపాను. ఆరు సిస్టమ్‌లు, ప్లైవుడ్ క్యాబిన్లు, గంటకి పాతిక రూపాయలతో మొదలెట్టి చివరికి పదికి దిగాం. ఇప్పుడు అదే షాపులో జిరాక్సులు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, రైలు టిక్కెట్లు చేస్తున్నా. అప్పుడైనా ఇప్పుడైనా జనం కౌంటర్ దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగేది ఒకటే, నేనెవరో తెలీకుండా నెట్‌లో ఉండొచ్చా, అవతల ఉన్నది నిజంగా ఎవరో తెలుసుకోవచ్చా అని. ఇన్నేళ్ళు నోటితో చెప్పినవే ఇక్కడ రాస్తున్నా.

ముందు మీ పేరు చెప్పండి, మీరెవరు?

చెప్పనండి. నా పేరు తెలిస్తే షాపు తెలుస్తది, షాపు తెలిస్తే ఆ క్యాబిన్లలో ఎవరెవరు కూర్చునేవాళ్ళో మా ఊళ్ళోవాళ్ళు గంటలో లెక్కగట్టేస్తారు. కింద చెప్పే సంగతుల్లో ఎక్కువ భాగం వాళ్ళవి, నావి కాదు, వాటిని బయటపెట్టే హక్కు నాకు లేదు. అందుకే ఊళ్ళూ వయసులూ కొంచెం అటూఇటూ మార్చాను.

తప్పు చెయ్యనోళ్ళకి పేరు దాచుకోవాల్సిన పనేంటండి?

అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే, విన్న ప్రతిసారీ మనసుకి కష్టంగానే ఉంటది.

మన డెల్టాలో పేరు లేకుండా ఉండటం ఎంత కష్టమో మనకి తెలియంది కాదు. రాజోలు బస్సెక్కి కూర్చుంటే పక్క సీటాయన "ఏ ఊరండీ" అంటాడు, ఊరు చెప్తే "ఎవరి తాలూకు" అంటాడు, అదీ చెప్తే "అయితే ఫలానా ఆయన చెల్లెలి కొడుకువా" అంటాడు, చించినాడ వంతెన దాటేలోపు మన మూడు తరాలూ ఆయన చేతిలో ఉంటాయి. అది అభిమానమే, కాదనను, రేపు మనకి ఆపదొస్తే ఆ మనిషే బండేసుకుని పరిగెత్తుకొస్తాడు. కానీ అదే ఊళ్ళో మెడికల్ షాపులో ఏ మందు కొన్నామో సాయంత్రానికి ఇంట్లో తెలిసిపోద్ది. పెళ్ళై నాలుగేళ్ళైనా పిల్లల్లేని అమ్మాయి డాక్టర్ని అడగాల్సినవి ఎవర్ని అడగాలి, రొయ్యల చెరువు పోయి అప్పుల్లో మునిగిపోయినాయన తన భయం ఎవరికి చెప్పుకోవాలి, మొగుడు కొడుతున్నాడని చెప్తే ముందు అత్తారింటికే కబురెళ్ళే చోట ఆవిడ ఎక్కడికి పోవాలి? వీళ్ళలో తప్పు చేసినోళ్ళు ఎవరండి?

ఓటేసేటప్పుడు అడ్డం పెడతాం కదా, ఎవరికేశావో ఎవరికీ తెలీకూడదని, దాన్ని ఎవరూ దొంగతనం అనరు. సుప్రీంకోర్టు కూడా 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు కూర్చుని వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కే అని చెప్పింది. దాచుకోడానికి కారణం చూపించాల్సిన పని మనకి లేదు.

పేరు లేకపోవడం, మారుపేరు, ఫేక్ ఐడీ అన్నీ ఒకటేనా?

కాదు. ఈ మూడూ కలిపేసి మాట్లాడబట్టే సగం గొడవలు.

అసలు పేరే లేకుండా ఒక మాట అని వెళ్ళిపోవడం ఒకటి. పాత చాటు పద్యాలు, ఊడ్పుల పాటలు ఎవరు కట్టారో ఎవరికీ తెలీదు, అయినా నోళ్ళలో బతికాయి. మారుపేరు వేరే. ఒక పేరు పెట్టుకుని ఏళ్ళ తరబడి దాని మీదే నిలబడటం, ఆ పేరుతో అన్న మాటకి ఆ పేరే జవాబు చెప్పుకోవడం. పాండవులు విరాటుడి కొలువులో చేసింది అదే, ధర్మరాజు కంకుభట్టు అయ్యాడు, భీముడు వలలుడయ్యాడు, అర్జునుడు బృహన్నల అయ్యాడు, పేర్లు అబద్ధమే కానీ వలలుడు నిజంగానే వంట చేశాడు, బృహన్నల నిజంగానే ఉత్తరకి నాట్యం నేర్పింది, ఎవర్నీ ముంచలేదు. ఫేక్ అంటే ఇంకొకళ్ళ ముఖం తగిలించుకోవడం, లేదా లేని మనిషిని పుట్టించి డబ్బో నమ్మకమో లాక్కోవడం. చట్టం కూడా ఈ తేడా చూస్తది. మారుపేరు పెట్టుకోవడం దానంతటది నేరం కాదు, కానీ ఇంకొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

కొత్త నెంబర్‌తో అకౌంట్ పెట్టాను, నన్నెవరూ కనిపెట్టలేరు కదా?

ఎవరు కనిపెట్టకూడదనుకుంటున్నారో ముందు అది చెప్పండి. పోలీసుల నుంచా, కంపెనీ నుంచా, మీ బావగారి నుంచా? ముగ్గురికీ దారులు వేరు.

పోలీసుల సంగతైతే కుర్రాళ్ళు అనుకునే దానికంటే చాలా తేలిక. ఆ సిమ్ ఎవరి ఆధార్ మీద తీసుకున్నారో కంపెనీ దగ్గర ఉంటది. మీ ఫోన్‌కి ఆ నిమిషంలో ఏ ఐపీ అడ్రస్ (నెట్‌లో ఫోన్‌ని గుర్తుపట్టే నెంబరు) ఇచ్చారో నెట్ ఇచ్చేవాడి దగ్గర ఉంటది, ఒకే అడ్రస్ చాలామందికి పంచినా టైమూ, మీ కనెక్షన్‌ని విడిగా చూపే పోర్ట్ నెంబరూ కలిపితే ఇల్లు దొరుకుద్ది. 2022 ఏప్రిల్‌లో సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీసులు ఇచ్చేవాళ్ళు లాగ్స్, అంటే ఎప్పుడేం జరిగిందో సిస్టమ్‌లో నమోదైన వివరాలు, కనీసం 180 రోజులు ఉంచాలి. కాబట్టి ఎవరినో బెదిరించి దాక్కోవచ్చు అనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, ఆ ఆలోచన మానేయండి.

కంపెనీ సంగతైతే మీ పేరు వాళ్ళకి అక్కర్లేదు, మీ అలవాట్లు చాలు. 2006లో ఏఓఎల్ అనే అమెరికా కంపెనీ దాదాపు ఆరున్నర లక్షల మంది ఏమేం వెతికారో పేర్లు తీసేసి, పేరు బదులు ఒక్కో నెంబర్ పెట్టి బయటికి వదిలింది, పరిశోధనకి పనికొస్తదని. కొన్ని రోజుల్లోనే ఒక పత్రిక విలేఖర్లు ఆ నెంబర్లలో ఒకదాని వెనకున్న పెద్దావిడ ఇంటి తలుపు తట్టారు. ఆవిడ తన ఊరి గురించి, తన ఇంటిపేరున్న బంధువుల గురించి, తన నొప్పుల గురించి వెతుక్కుంది అంతే. లతాన్యా స్వీనీ అనే ఆవిడ అంతకుముందే, 2000లో చూపించారు, పుట్టినరోజు, ఆడా మగా, పిన్‌కోడ్ లాంటి ఏరియా నెంబరు, ఈ మూడూ తెలిస్తే అమెరికాలో వందకి 87 మందిని విడిగా గుర్తుపట్టొచ్చని. మన దగ్గర ఊరికి రెండొందల గడపలు. లెక్క మీరే వేసుకోండి.

ఇన్‌కాగ్నిటోలో చూస్తే తెలీదంటారు?

మీ ఫోన్‌లో హిస్టరీ మిగలదు, అంతవరకే. ఇంట్లో వాళ్ళు ఫోన్ తీసుకుంటే కనపడదు. నెట్ ఇచ్చేవాడికీ మీరు వెళ్ళిన సైటుకీ తెలుస్తానే ఉంటది.

వీపీఎన్ పెడితే?

వీపీఎన్ అంటే మీ నెట్‌ని ఇంకో కంపెనీ సర్వర్ మీదుగా తిప్పి పంపేది. అంటే నెట్ కంపెనీని వదిలేసి వీపీఎన్ కంపెనీని నమ్ముతున్నారు అని అర్థం. ఫ్రీగా వచ్చేవి అయితే అసలు వద్దు. 2022 ఆదేశాల్లో వీపీఎన్‌లు కూడా కస్టమర్ల వివరాలు ఐదేళ్ళు ఉంచాలని రాశారు, అది ఒప్పుకోలేక కొన్ని పెద్ద కంపెనీలు ఇండియాలో సర్వర్లే తీసేశాయి. టార్ అని ఒకటుంది, అమెరికా నేవీ పరిశోధనశాలలో పుట్టింది, మీ మాట మూడు చేతులు మారి వెళ్తది, ఏ ఒక్క చేతికీ రెండు కొసలూ తెలీవు. బాగానే పనిచేస్తది కానీ నిదానం, పైగా అందులో కూర్చుని మీ సొంత అకౌంట్‌లోనే లాగిన్ అయితే ఉపయోగం సున్నా.

మరి బావగారు ఎలా కనిపెట్టేశాడండి?

అసలు ప్రశ్న ఇదండి. మన వైపు పట్టుబడేవాళ్ళలో ఎక్కువమంది ఐపీ అడ్రస్ వల్ల కాదు, ఇలాంటి చిన్న చిన్న వాటివల్లే.

మీ పాత నెంబర్ ఇచ్చి అకౌంట్ తెరిచారు. మీ బంధువులందరి ఫోన్లలో ఆ నెంబర్ ఉంది, వాళ్ళు కాంటాక్టులు అప్‌లోడ్ చేసి ఉన్నారు, ఇంకేముంది, "మీకు తెలిసినవాళ్ళు కావచ్చు" అని మీ మారుపేరు తీసుకెళ్ళి మీ పిన్ని ముందు పెడతది. యూపీఐ ఇంకా ఘోరం, ఎవరైనా మీ నెంబర్ కొట్టి రూపాయి పంపబోతే చాలు, బ్యాంకులో ఉన్న పూర్తి పేరు ఇంటిపేరుతో సహా తెర మీద వచ్చేస్తది. ఇది తెలీక మారుపేరుతో లేసు అల్లికలు అమ్ముకునే అమ్మాయి ఒకామె క్యూఆర్ కోడ్ పెట్టిన మొదటి రోజే దొరికిపోయింది.

ఫొటోలు చూడండి. కొబ్బరితోటలన్నీ ఒకేలా ఉంటాయనుకుంటాం, కానీ వెనకాల సఖినేటిపల్లి రేవులో జనాన్ని గోదారి దాటించే పంటు కనిపిస్తది, చర్చి గంట స్తంభం కనిపిస్తది, గోడ మీద ఫ్లెక్సీలో వార్డు మెంబర్ ముఖం కనిపిస్తది. ఫోన్‌తో తీసిన ఫొటోలో లొకేషన్ కూడా దాక్కుని ఉండొచ్చు, వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది పోద్ది, డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తది.

వీటన్నిటికంటే మన మాటే మనల్ని పట్టిస్తది. "ఆయ్" అంటే చాలు గోదారి ఇవతలి మనిషని తెలిసిపోద్ది. ఒక్కొక్కరికి ఒక్కో ఊతపదం, ఒక్కోచోట ఒక్కో తప్పు స్పెల్లింగు, అందరిళ్ళలో కరెంటు పోయిందని రాసిన టైం కూడా సాక్ష్యమే. కీచకుడు చచ్చాడన్న కబురు వినగానే దుర్యోధనుడు ఏమనుకున్నాడు, వాణ్ణి చంపగల చేయి భీముడిదే అయ్యుంటది, పాండవులు అక్కడే ఉన్నారు అని. వేషం మారింది, చేతివాటం మారలేదు.

ఇంటిపేరు లేకుండా ఒట్టి పేరు పెడితే జనం అనుమానంగా చూస్తున్నారు, ఏం చెయ్యను?

ఇంటిపేరు పెట్టకండి. అనుమానంగా చూస్తే చూడనివ్వండి. మన దగ్గర ఇంటిపేరు అడిగే ప్రతి ముగ్గురిలో ఒకరు కులం అడుగుతున్నట్టే లెక్క, తెలివిగా అడిగితే ఇంటిపేరు, తిన్నగా అడిగితే "మీరేమిట్లండీ".

మా షాపులో పని నేర్చుకున్న కుర్రాడొకడు తర్వాత రొయ్యల చెరువుల పనిలోకి వెళ్ళాడు. నీళ్ళ పరీక్షలు, మేత లెక్కలు, వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు వస్తే ఏం చెయ్యాలి, ఇవన్నీ చిన్న చిన్న వీడియోలు చేసి పెట్టేవాడు, ముఖం చూపించేవాడు కాదు, గొంతూ నీళ్ళూ మాత్రమే, పేరు కూడా ఒక్క ముక్కే. భీమవరం వైపు నుంచి, కైకలూరు నుంచి పెద్ద పెద్ద రైతులు "గురువుగారూ" అని ఫోన్ చేసేవాళ్ళు. రెండేళ్ళు ఇలా నడిచింది. ఒకరోజు ఎవరో అతని ఇంటిపేరు ఆరా తీసి నలుగురికీ చెప్పారు. తిట్టినవాళ్ళు లేరు, గొడవ పెట్టినవాళ్ళూ లేరు, ఫోన్లు సగానికి సగం పడిపోయాయి అంతే. అదే మనిషి, అవే నీళ్ళు, అవే సలహాలు. ఆ నెలంతా వాడు నా షాపులో కూర్చుని ఫోన్ వంక చూసుకోవడం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. మిగిలిన సగంమంది మాత్రం తెల్లారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతే ఇప్పటికీ వాడికే ఫోన్ చేస్తారు. పేరు దాచుకునే ఆ రెండేళ్ళే లేకపోతే వాళ్ళు కూడా వాడి మాట వినేవాళ్ళు కాదని నా నమ్మకం.

పేరు లేకపోతే జనం అంత దారుణంగా ఎందుకు మాట్లాడతారు?

జాన్ సూలర్ అనే మానసిక శాస్త్రవేత్త 2004లో దీని మీద వివరంగా రాశారు. ఎదుటివాడి ముఖం కనపడకపోవడం, మన పేరు తెలీకపోవడం, జవాబు వెంటనే రాకపోవడం, ఇవన్నీ కలిసి మన లోపలున్న గడియ తీసేస్తాయి అన్నట్టు చెప్పారు, అలా గడియ తీసినప్పుడు విషమూ బయటికొస్తది, ఎప్పుడూ చెప్పుకోని బాధా బయటికొస్తది అన్నారు. రెండోదాన్ని జనం మర్చిపోతారు. నా క్యాబిన్లలో నేను రెండూ చూశాను. తిడుతూ టైప్ చేసేవాడు కీబోర్డు బద్దలు కొట్టేవాడు, ఏడుస్తూ టైప్ చేసేవాళ్ళ దగ్గర్నుంచి చప్పుడే వచ్చేది కాదు.

అందరికీ ఆధార్ లింక్ పెట్టేస్తే ఈ ఫేకులూ తిట్లూ పోతాయి కదా?

పోవు. దక్షిణ కొరియా ఇదే చేసి చూసింది. పెద్ద సైట్లలో ఏదైనా రాయాలంటే అసలు గుర్తింపు ఇవ్వాల్సిందే అని 2007లో పెట్టారు. 2011లో అక్కడ ఒక పెద్ద కంపెనీ నుంచి మూడున్నర కోట్ల మంది వివరాలు దొంగలపాలయ్యాయి, 2012 ఆగస్టులో వాళ్ళ రాజ్యాంగ న్యాయస్థానం ఆ రూలే కొట్టేసింది. ఒకేచోట అందరి అసలు పేర్లూ పోగుచేస్తే దొంగకి ఒక్క తాళం పగలగొడితే సరిపోద్ది.

మన దగ్గరకే రండి. 2022 మే 24న కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టడం మీద అమలాపురంలో గొడవలై ఇళ్ళు తగలబడ్డప్పుడు నా ఫోన్‌కి వచ్చిన మెసేజ్‌లలో చాలావరకు సొంత పేరూ సొంత డీపీ ఉన్నవాళ్ళు ఫార్వర్డ్ చేసినవే, నాకు తెలిసిన ముఖాలే. పేరు ఉన్నంత మాత్రాన ద్వేషం ఆగలేదు, మనవాళ్ళంతా మన వెనకే ఉన్నారు అనుకున్నప్పుడు పేరు చూపించుకోవాలనే అనిపిస్తది. తర్వాత కోనసీమలో చాలారోజులు నెట్ ఆపేశారు. మా వైపు కుర్రాళ్ళు ల్యాప్‌టాప్‌లు సంచిలో వేసుకుని పంటెక్కి నరసాపురం వెళ్ళి ఆఫీసు పని చేసుకొచ్చేవాళ్ళు, కువైట్లో ఉన్న తల్లులు మామూలు కాల్ రేటు కట్టి ఒక్క నిమిషం మాట్లాడి పెట్టేసేవాళ్ళు. తప్పు చేసినోళ్ళకీ చెయ్యనోళ్ళకీ ఒకే శిక్ష పడింది.

వాట్సాప్‌లో పంపినవి ఎవరైనా చదువుతారా?

2016 ఏప్రిల్ నుంచి అందరికీ ఎన్‌క్రిప్షన్ ఉంది, మాటకి తాళం వేసి పంపినట్టు, పంపినవాళ్ళూ అందుకున్నవాళ్ళూ తప్ప మధ్యలో కంపెనీ చదవలేదు. కానీ ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారు అనేది వేరే సంగతి, అది దాగదు. బ్యాకప్‌కి విడిగా తాళం ఆన్ చేసుకోవాలి. గ్రూపులో చేరితే మీ నెంబర్ అక్కడున్న అందరికీ కనపడతది, ఇదొక్కటి ఆడపిల్లలు గట్టిగా గుర్తుపెట్టుకోండి. టెలిగ్రామ్ మామూలు చాట్‌లకి ఈ రకం తాళం లేదు, సీక్రెట్ చాట్ అని విడిగా పెట్టుకుంటేనే. ఎన్ని తాళాలేసినా అవతలి మనిషి స్క్రీన్‌షాట్ తీస్తే చేసేదేం లేదు.

అబద్ధంతో మొదలైన స్నేహం నిజమైనది అవుతుందా?

దీనికి నా దగ్గర సూటి సమాధానం లేదు, ఒక సంగతి చెప్తాను.

2006, 2007 ప్రాంతంలో యాహూ చాట్ రూములు జోరుగా ఉండేవి. నత్తి ఉన్న కుర్రాడొకడు రోజూ సాయంత్రం నాలుగో క్యాబిన్లో కూర్చునేవాడు. బయట వాడు నోరు విప్పగా నేను చూసింది తక్కువ, ఎంతసేపు కావాలో కూడా వేళ్ళు చూపించి అడిగేవాడు. కానీ టైపింగ్‌లో వాడంత మాటకారి ఇంకొకడు లేడు, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో దంచి కొట్టేవాడు. అవతల తెనాలి నుంచి ఒక డిగ్రీ కుర్రాడు, ఇరవై నాలుగేళ్ళని చెప్పాడు, ఇద్దరికీ ప్రాణస్నేహం. రెండేళ్ళయ్యాక నిడదవోలు స్టేషన్లో కలుద్దాం అనుకున్నారు. మావాడు ఒక చీటీ రాసుకుని జేబులో పెట్టుకెళ్ళాడు, "నాకు మాట సరిగా రాదు" అని. బెంచీ మీద కూర్చున్నది అరవై ఒక్కేళ్ళ రిటైర్డ్ హెడ్‌మాస్టారు. భార్య పోయింది, పిల్లలు దూరంగా ఉన్నారు, అసలు వయసు చెప్తే రూములో ఎవరూ జవాబు కూడా ఇవ్వరని అలా చెప్పానన్నారట.

మావాడు చీటీ తియ్యలేదు. తర్వాత రైలెక్కి వచ్చేశాడు, ఆరునెలలు సెంటర్‌కే రాలేదు. వాడి కోపం న్యాయమే అని నేను ఇప్పటికీ అంటాను, వాడు చెప్పుకున్న కష్టాలన్నీ తన ఈడువాడికి అనుకుని చెప్పుకున్నాడు, వినేది ఎవరో తెలుసుకుని చెప్పే అవకాశం వాడికి దక్కలేదు. ఎంత మంచాయనైనా అది లాక్కున్నట్టే. కానీ ఆరునెలల తర్వాత వాడే వచ్చి కూర్చుని ముందు తిట్టాడు, చాలాసేపు తిట్టాడు, తర్వాత తన నత్తి సంగతి రాశాడు. ఆయన రాసిన జవాబు వాడు నాకు చూపించాడు. రోజూ ఒక పేజీ గట్టిగా చదివి ఫోన్లో నాకు వినిపించు, నాకు వేరే పనేం లేదు అని. యాహూ ఆ రూములు 2012 డిసెంబర్లో మూసేసింది. ఆ ఫోన్లు మాత్రం ఆయన పోయేదాకా నడిచాయి.

కాబట్టి నేను అనేది ఏంటంటే, పేరు దాచుకోండి, ఊరు దాచుకోండి, ముఖం దాచుకోండి. అవతలి మనిషి మీకు ఏం చెప్పుకోవచ్చో ఏం చెప్పుకోకూడదో నిర్ణయించుకోడానికి అవసరమైనది మాత్రం దాచకండి. వయసు, పెళ్ళయ్యిందా లేదా, ఎందుకు మాట్లాడుతున్నారు, ఇలాంటివి.

నెట్‌లో పరిచయమైన మనిషి నిజమో కాదో ఎలా చూడాలి?

డబ్బు మాట వచ్చిందా లేదా చూడండి ముందు. కస్టమ్స్‌లో గిఫ్టు ఆగిపోయింది, ఆస్పత్రిలో ఉన్నాను, వీసా ఫీజు కట్టాలి, ఏ పేరు మీద వచ్చినా అక్కడితో ఆపేయండి. వీడియో కాల్‌కి ఎప్పుడూ కెమెరా పాడైందనేవాడిని నమ్మొద్దు, ఈ రోజుల్లో వీడియోలో ముఖం కూడా మార్చేస్తున్నారు కాబట్టి కెమెరా బాగున్నా పూర్తిగా నమ్మొద్దు. గల్ఫ్ ఏజెంట్ అంటే రిజిస్ట్రేషన్ నెంబర్ అడిగి, విదేశీ ఉద్యోగాల ఏజెంట్ల వివరాలుండే ప్రభుత్వ సైటు ఈ-మైగ్రేట్ పోర్టల్లో చూడండి, ఉందా లేదా రెండు నిమిషాల పని, మా షాపులో దీనికి నేను డబ్బులు కూడా తీసుకోను, ఎందుకంటే చూడకుండా వెళ్ళినవాళ్ళ ఇళ్ళు నాకు తెలుసు. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చెయ్యాలి, పరువు పోతుందని తెల్లారేదాకా ఆగితే ఆ డబ్బు పది అకౌంట్లు మారిపోద్ది.

నా ఫొటో పెట్టి ఎవరో అకౌంట్ తెరిచారు, డబ్బివ్వకపోతే ఇంకేవో పెడతానంటున్నారు.

ముందు ఊపిరి తీసుకోండి. మీ తప్పు లేదు. డబ్బు పంపొద్దు, ఒకసారి పంపితే వదలరు. బ్లాక్ చేసే ముందు ఆ ప్రొఫైల్ లింకూ, మెసేజ్‌లూ, టైం కనపడేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఆ యాప్‌లోనే రిపోర్ట్ కొట్టండి, 2021 నాటి ఐటీ రూల్స్‌లో నగ్న ఫొటోలూ ఇంకొకరిలా నటించే అకౌంట్ల మీద ఫిర్యాదొస్తే 24 గంటల్లో తీసెయ్యాలని రాశారు, తర్వాత ఆ గడువు ఇంకా తగ్గించారు. 1930కి గానీ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ ఫిర్యాదు పెట్టండి, ఆడవాళ్ళ మీద, పిల్లల మీద జరిగే వాటికి అందులో పేరు చెప్పకుండా ఇచ్చే దారి కూడా ఉంది. స్టాప్‌ఎన్‌సీఐఐ అని ఒక సదుపాయం 2021 నుంచి ఉంది, ఫొటో ఎవరికీ పంపక్కర్లేదు, మీ ఫోన్‌లోనే దానికి ఒక వేలిముద్ర లాంటిది తయారుచేసి అదొక్కటే కంపెనీలకి పంపుతది, అందులో చేరిన యాప్‌లు ఆ ఫొటో ఎక్కకుండా చూస్తాయి. పద్దెనిమిది నిండనివాళ్ళకి టేక్ ఇట్ డౌన్ అని ఇలాంటిదే ఇంకొకటి ఉంది.

ఇంట్లో ఒక్కరికి చెప్పండి. అమ్మకి చెప్పలేకపోతే అక్కకి, అక్క లేకపోతే నమ్మకమైన టీచరుకి. ఈ మాట నేను ప్రాధేయపడి చెప్తున్నా. ఒకమ్మాయి ఎవరికీ చెప్పకుండా మా షాపుకి మూడు రోజులు వరసగా వచ్చి, ఏదో జిరాక్స్ అని నిలబడి, అడగకుండానే వెళ్ళిపోయింది. నాలుగో రోజు నేనే కుర్చీ వేసి కూర్చోబెట్టాను. నిమిషంలో చెప్పేసింది. ఆ నాలుగో రోజు షాపు సెలవైతే ఏమయ్యేదో నేను ఆలోచించదల్చుకోలేదు.

మావాడు మాకు తెలీకుండా రెండో అకౌంట్ పెట్టాడు, తీయించెయ్యాలా?

తీయిస్తే మూడోది పెడతాడు. దాని గురించి అరవకుండా ఒకసారి మాట్లాడండి. ఆ అకౌంట్‌లో పరిచయమైన వాళ్ళలో ఎవరైనా కలుద్దాం అంటే, డబ్బులడిగితే, ఫొటో అడిగితే నాకు చెప్పు, నిన్ను కొట్టను అని చెప్పండి, నిజంగానే కొట్టకండి.

ఇంకో సంగతి. మగపిల్లాడు మగపిల్లాడినే ఇష్టపడటం లాంటివి మన ఊళ్ళలో చెప్పుకునే చోటే లేదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు అది నేరం కాదని చెప్పినా వీధి అరుగు మీదకి ఆ తీర్పు రాలేదు. అలాంటి పిల్లలకి మారుపేరుతో దొరికే నలుగురు స్నేహితులే ఊపిరి. దాన్ని పీకేసే ముందు ఒక్కసారి ఆగండి.

నెట్‌లో వెయ్యి మంది ఉన్నా ఒంటరిగా ఎందుకుంటది?

వెయ్యి మంది చూస్తారు, వినేవాళ్ళు ఉండరు కాబట్టి. పెద్దవాళ్ళ విషయంలో ఇది మరీ ఎక్కువగా చూస్తున్నా, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి వరండాలో కెమెరా పెట్టి, అమ్మా నాన్నా తిరుగుతున్నారో లేదో ఫోన్‌లో చూసుకుంటారు. చూసుకోవడం మాట్లాడటం కాదండి. ఒకావిడ నాతో అన్నారు, కెమెరా వంక చూసి చెయ్యి ఊపుతానండి, వాడు చూశాడో లేదో తెలీదు అని.

మనసు మరీ బాగోనప్పుడు 14416కి ఫోన్ చెయ్యండి, టెలీ మానస్, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, డబ్బులుండవు, తెలుగులో మాట్లాడతారు. ఎవరి తాలూకు అని అడగరు.

అసలు పేరు ఎప్పుడు చెప్పాలి?

మీకు చెప్పాలనిపించినప్పుడు, అడిగినప్పుడు కాదు. అవతలివాళ్ళు తొందరపెడుతున్నారంటే ఇంకా టైం రాలేదని అర్థం. మొదట పేరు, తర్వాత గొంతు, తర్వాత ముఖం, ఊరు అన్నిటికంటే చివర. కలిసేటప్పుడు పగలు, జనం ఉన్నచోట, ఇంకొకరికి చెప్పి.

మీ నెట్ సెంటర్లో అందరి దగ్గరా ఐడీలు తీసుకున్నారు కదా, అవి ఏమయ్యాయి?

తీసుకున్నాను. 2011లో సైబర్ కేఫ్ రూల్స్ వచ్చాయి, వచ్చిన ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డూ చూడాలి, రిజిస్టర్‌లో పేరూ అడ్రసూ టైమూ రాయాలి, కనీసం ఏడాది దాచాలి, క్యాబిన్ గోడ నాలుగున్నర అడుగులు దాటకూడదు. వడ్రంగిని పిలిపించి ప్లైవుడ్ కోయించాను. అంతకుముందు శుక్రవారం వస్తే, కువైట్లో సెలవు కాబట్టి, పిల్లలూ అమ్మమ్మలూ వచ్చి వెబ్‌క్యామ్ ముందు కూర్చునేవాళ్ళు, అక్కడ పొద్దున్న ఎనిమిదైతే మనకి పదిన్నర, తల్లి ముఖం మసకమసగ్గా వచ్చేది, గోడ ఎత్తుగా ఉన్నన్నాళ్ళు లోపల ఏడ్చుకునేవాళ్ళు. కోయించాక బయటికి తలలు కనిపించేవి, ఏడవటం మానేసి నవ్వుతూ మాట్లాడటం మొదలుపెట్టారు.

2017లో సిస్టమ్‌లు అమ్మేశాక రిజిస్టర్లు పన్నెండు మిగిలాయి, వాటితో పాటు రేషన్ కార్డుల జిరాక్సులు, ఓటరు కార్డులవి, ఆధార్లవి ఒక అట్టపెట్టె నిండా. ఏడాది గడువు ఎప్పుడో దాటిపోయింది, ఎవరూ వచ్చి అడగలేదు. పాత కాగితాలవాడికి వెయ్యాలనిపించలేదు, ఒక్కో పేజీలో ఎవరు ఏ రాత్రి ఎంతసేపు కూర్చున్నారో ఉంది. 2019 భోగి నాడు తెల్లారుజామున నాలుగింటికి మా వీధి మంటలోకి అట్టపెట్టెతో సహా తీసుకెళ్ళి, పిల్లలు పిడకల దండలు వేస్తుంటే పక్కన నిలబడి ఒక్కొక్క రిజిస్టరూ విప్పి అందులో వేశాను, అట్ట మందం కాబట్టి మూసి వేస్తే లోపల కాలదు. నాలుగో క్యాబిన్ వాడి పేరు చాలా పేజీల్లో ఉంది. ఎదురింటి పెద్దాయన ఏంటవి అని అడిగాడు. షాపు పాత లెక్కలండి అన్నాను.